బుల్లెట్ వేడికి హీట్ ర్యాపా, సెరామిక్ కోటింగా?

మంచిర్యాల ప్రాంతం నుంచి ఒక పాఠకుడు పేరు ప్రచురించవద్దన్న షరతుతో సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. ఆయన దగ్గర 1997 నాటి స్టాండర్డ్ 350 బుల్లెట్ ఉంది. తండ్రి ఉద్యోగంలో ఉండగా కొన్న బండి, ఆయన పదవీ విరమణ చేశాక కొడుకు చేతికి వచ్చింది. డ్యూటీకి పోను రాను నలభై కిలోమీటర్లు దానిమీదే తిరుగుతారు. ఏప్రిల్, మే నెలలు వచ్చేసరికి కుడికాలు మోకాలి కింది నుంచి మడమ దాకా కొలిమి పక్కన పెట్టినట్టు కాలిపోతోందని, రైల్వే గేటు దగ్గర ఐదు నిమిషాలు ఆగితే ప్యాంటు లోపల చర్మం ఎర్రబడుతోందని రాశారు. బెండ్ పైప్ (ఇంజన్ నుంచి సైలెన్సర్‌కు వంగి వెళ్లే పొగ గొట్టం) ఇంజన్ హెడ్‌ను చేరే చోట జానెడు మేర క్రోమ్ నీలం, గోధుమ రంగులకు తిరిగిందని కూడా ఒక వాక్యం రాశారు. ఆ వాక్యం చాలా ముఖ్యమైనది, దాని సంగతి తర్వాత చెబుతాను.

అసలు బాధ వేరే ఉంది. రెండో తరగతి చదువుతున్న కూతురిని స్కూలు నుంచి తెచ్చిన ఒక సాయంత్రం, ఇంటి గేటు కుడివైపు ఉండటంతో పాప అలవాటుగా కుడివైపు దిగబోయి పిక్కను సైలెన్సర్‌కు ఆనించింది. రూపాయి బిళ్లంత మేర కాలింది. ఇంట్లో కంగారులో టూత్‌పేస్ట్ రాశారు, మచ్చ మిగిలింది. ఆనాటి నుంచి "పాప ఆ బండి ఎక్కదు, మీరు కూడా దాన్ని అమ్మేయండి" అని భార్య అంటున్నారు. హైదరాబాద్‌లో ఉండే బావమరిది "బావా, నేను నా బండికి హీట్ ర్యాప్ చుట్టించాను, చూడ్డానికీ బాగుంటుంది, నువ్వూ చుట్టించు" అని పద్దెనిమిది వందలకు, పైపుకు చుట్టే ఆ పట్టీ రోల్ చూపించారు. ఊళ్లో మెకానిక్ మాత్రం ర్యాప్ చుడితే పైపు తుప్పుపట్టి పోతుందనీ, హైదరాబాద్ పంపి సెరామిక్ కోటింగ్, అంటే వేడికి తట్టుకునే పింగాణీ లాంటి పూత, వేయిస్తే ఏడు వేలలో పని శాశ్వతంగా అయిపోతుందనీ అన్నాడట. తండ్రి "ఇన్నేళ్లు నేను తోలలేదా, బండికి కట్లు కట్టొద్దు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. చేతిలో ఉన్నది ఏడెనిమిది వేలు, రెండింటిలో ఏది మేలో చెప్పమన్నది ప్రశ్న.

మీ ఉత్తరంలో ఒకే సమస్యగా రాసినవి నిజానికి మూడు. కుడికాలికి తగిలే వేడి ఒకటి, పాప కాలు కాలడం మరొకటి, పైపు నీలంగా మారడం ఇంకొకటి. ఈ మూడింటికీ కారణాలు వేరు, మందులూ వేరు. మీ బావమరిదీ మెకానిక్కూ చెబుతున్నవి రెండూ బెండ్ పైప్‌కు చేసే పనులే. పాప కాలు కాలింది సైలెన్సర్ దగ్గర. అంటే మీరు ఏడు వేలు పెట్టి బెండ్ పైప్‌కు ఎంత మంచి కోటింగ్ వేయించినా, మీ ఇంట్లో గొడవకు కారణమైన వేడి అక్కడే అలాగే ఉంటుంది. అందుకే మీరు అడిగిన ప్రశ్నకు జవాబు ఇచ్చేముందు పాప విషయం చెబుతాను.

లోహాన్ని తాకినప్పుడు చర్మం కాలడానికి డెబ్బై డిగ్రీల వేడి, ఒక్క క్షణం చాలు. బండి నడిచి వచ్చినప్పుడు సైలెన్సర్ ముందు భాగం అంతకంటే ఎంతో వేడిగా ఉంటుంది. దాన్ని ఏ పూతా తాకదగినంత చల్లగా చేయలేదు. పనికొచ్చేది అడ్డు మాత్రమే. రంధ్రాలున్న స్టీలు రేకును సైలెన్సర్‌కు అంటకుండా, మధ్యలో వేలు మందం ఖాళీ ఉండేలా బిగిస్తే, ఆ ఖాళీలోంచి గాలి ఆడుతూ ఉంటుంది కనుక బయటి రేకు చాలా తక్కువ వేడెక్కుతుంది. స్పేర్ పార్టుల దుకాణాల్లో సైలెన్సర్ గార్డ్ అని రెడీమేడ్‌గా దొరుకుతుంది, లేదా వెల్డింగ్ షాపులో కొలత ఇచ్చి చేయించుకోవచ్చు. స్టీలు హోస్ క్లిప్పులతో బిగించుకోవాలి. దీనికీ ఒక తలనొప్పి ఉంది. సింగిల్ సిలిండర్ బండి అదురుకు ఆ క్లిప్పులు వదులవుతాయి, రేకు గలగలమంటుంది, నెలకోసారి స్క్రూడ్రైవర్ పెట్టక తప్పదు. దానితోపాటు దిగే వైపు మార్చండి. బుల్లెట్‌కు సైలెన్సర్ కుడివైపు, సైడ్ స్టాండ్ ఎడమవైపు ఉంటాయి కనుక ఎడమవైపు దిగే మనిషికి కాలే వస్తువు ఎదురుపడదు. గేటు కుడివైపు ఉంటే బండిని తిప్పి ఆపండి, లేదా గేటు దాటి లోపలికి వచ్చాకే పాపను దించండి. పొరపాటున మళ్లీ ఎవరికైనా కాలితే ఇరవై నిమిషాలు కుళాయి నీళ్ల ధార కింద పెట్టండి. టూత్‌పేస్ట్, ఇంకు, నెయ్యి ఏవీ వద్దు.

ఈ మాట మీ ఇంట్లో కూడా చెప్పండి. ఆవిడ అడుగుతున్నది బండి అమ్మమని కాదు, పాపకు మళ్లీ కాలదన్న భరోసా అని నాకు అనిపిస్తోంది. గార్డ్ బిగించి చూపిస్తే ఆ సంభాషణ మారవచ్చు, మారకపోవచ్చు కూడా. మారకపోతే పాపను మరో బండి మీదనో స్కూలు ఆటోలోనో పంపడం మీకు ఓటమి కాదు.

ఇక నీలం రంగు. క్రోమ్ పైపు హెడ్ దగ్గర కాస్త రంగు మారడం ఏ బండికైనా సహజం. కానీ జానెడు మేర నీలం, గోధుమ రంగులు వచ్చాయంటే ఆ పైపు మామూలుకన్నా ఎక్కువ వేడెక్కుతోందనే అనుమానించాలి. మీ బండిలో దానికి కారణం కాగలిగినవి చాలా ఉన్నాయి. మొదట అనుమానించవలసింది స్పార్క్ ఎప్పుడు రావాలో నిర్ణయించే సీబీ పాయింట్లను. పాయింట్ల మడమ, అంటే తిరిగే క్యామ్‌కు రాసుకునే భాగం, అరిగే కొద్దీ గ్యాప్ తగ్గుతుంది, గ్యాప్ తగ్గితే స్పార్క్ ఆలస్యమవుతుంది. స్పార్క్ ఆలస్యమైతే సిలిండర్‌లో మంట పూర్తిగా పని చేయకముందే ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకుని, ఆ మంట వేడి అంతా పైపులోకి పోతుంది. ఇంజన్ వేగాన్ని బట్టి స్పార్క్‌ను ముందుకు జరిపే ఆటో అడ్వాన్స్ యూనిట్ దుమ్ము, పాత గ్రీజుతో పట్టేసినా ఇదే జరుగుతుంది, మీది బొగ్గు గనుల ప్రాంతం, బొగ్గు దుమ్ములో తిరిగే బండి కనుక దాన్ని విప్పి చూడమని గట్టిగా చెబుతున్నాను. పాయింట్ల గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి, సందు కొలిచే పలుచటి రేకుల ఫీలర్ గేజ్‌తో రెండు నిమిషాల పని.

తర్వాతిది కార్బొరేటర్. స్పార్క్ ప్లగ్ విప్పి చూడండి. కొన బిస్కెట్ రంగులో ఉంటే సరే. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువగా వెళ్తోందని అర్థం. పెట్రోలు వచ్చే సన్న రంధ్రమైన జెట్‌లో చెత్త పడి ఉండవచ్చు, కార్బొరేటర్‌కూ హెడ్‌కూ మధ్య ప్యాకింగ్ దగ్గర గాలి లాగుతూ ఉండవచ్చు, లేదా మైలేజీ కోసం ఎవరో ఎయిర్ స్క్రూ తిప్పి ఉండవచ్చు. మన మెకానిక్కుల్లో చాలామందికి ఈ చివరి అలవాటు ఉంది, యజమాని లీటరుకు ఎంతిస్తుందని అడుగుతాడు కనుక వాళ్లను తప్పుపట్టీ లాభం లేదు. వాల్వులను తెరిచే ట్యాపెట్లు మరీ బిగువుగా ఉన్నా ఎగ్జాస్ట్ వాల్వ్ పూర్తిగా మూసుకోక వేడి పైపులోకి వస్తుంది. ఇంజన్ పూర్తిగా చల్లారి ఉన్నప్పుడు, రెండు వాల్వులూ మూసుకుని పిస్టన్ పైన ఉండగా, ట్యాపెట్ కదలికను వాల్వ్‌కు చేర్చే పుష్ రాడ్‌ను రెండు వేళ్లతో తిప్పితే తేలిగ్గా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. మీ నాన్నగారికి ఈ పరీక్ష తప్పకుండా తెలిసి ఉంటుంది, ఆయన్నే చేయమనండి.

ఇవన్నీ ముందు చెప్పడానికి కారణం ఉంది. ట్యూనింగ్ తప్పి వేడెక్కిన పైపుకు ర్యాప్ చుడితే లోపం కనబడకుండా పోతుంది కానీ తగ్గదు, నీలం రంగు పట్టీ కింద పెరుగుతూ పోతుంది, అక్కడ ఎగ్జాస్ట్ వాల్వ్ కాలిపోయే దాకా మీకు తెలియదు. సెరామిక్ వేయిస్తే ఆ పూత కొద్ది నెలల్లోనే హెడ్ దగ్గర రంగు మారి, పెచ్చులూడి, ఏడు వేలు పోయాయని మీరు మెకానిక్‌తో గొడవపడతారు.

ఇప్పుడు మీ కుడికాలు. ఎయిర్ కూల్డ్ ఇంజన్ వేడి పోవలసిన దారి సిలిండర్ రెక్కల మీదుగా వీచే గాలి. ఆ గాలి నేరుగా మీ కాళ్లమీదికే వస్తుంది. 45 డిగ్రీల ఎండలో ఆ గాలి ముందే వడగాలి, రెక్కలు తాకి వచ్చేసరికి ఇంకా వేడెక్కుతుంది. మీ కాలికి తగులుతున్నది ఈ గాలా, లేక పైపునుంచి సూటిగా వచ్చే సెగా అన్నది తెలియకుండా డబ్బు పెట్టకండి. తెలుసుకోవడం సులభం. పది కిలోమీటర్లు తోలి వచ్చాక బండిని సెంటర్ స్టాండ్ వేసి, ఇంజన్ నడుస్తుండగా మామూలుగా కూర్చోండి. ఒక మందపాటి అట్టముక్కను బెండ్ పైప్‌కూ మీ పిక్కకూ మధ్య, పైపుకు తగలకుండా ఎవరినైనా పట్టుకోమనండి. వెంటనే చల్లబడినట్టనిపిస్తే అది పైపు సెగ. పెద్దగా తేడా తెలియకపోతే అది ఇంజన్ వేడి, దానికి ర్యాపూ సెరామిక్కూ రెండూ ఏమీ చేయలేవు. అప్పుడు గేటు దగ్గర ఇంజన్ ఆపేయడం, రెక్కల మధ్య పేరుకున్న మట్టి, ఆయిలు మురికి కడిగించడం, ఆయిలు వేళకు మార్చడం, మందమైన కాటన్ ప్యాంటు, చీలమండ పైదాకా వచ్చే బూట్లు మాత్రమే మిగిలే ఉపాయాలు. చేత పట్టుకునే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో కొలుస్తామని ఎవరైనా అంటే ఒక జాగ్రత్త చెప్పండి. మెరిసే క్రోమ్ మీద ఆ పరికరం అసలుకన్నా చాలా తక్కువ అంకె చూపిస్తుంది, పైపుమీద ఒకచోట వేడికి తట్టుకునే నల్లరంగు చుక్క పెట్టి దానిమీద కొలవాలి.

పరీక్షలో పైపు సెగే అని తేలితే అప్పుడు మీ ప్రశ్నకు అర్థం వస్తుంది.

హీట్ ర్యాప్ అంటే గాజు నార లేదా అగ్నిశిల పొడిని కరిగించి తీసిన బసాల్ట్ నారతో నేసిన పట్టీ. దాని నేతలో చిక్కుకున్న గాలి వేడిని ఆపుతుంది. కాలికి వచ్చే సెగ తగ్గించడంలో నిస్సందేహంగా ఇదే ముందుంటుంది, మీ బావమరిది అబద్ధం చెప్పడం లేదు. కాని ఆపిన వేడి పైపు ఇనుములోనే ఉండిపోతుంది, పైపు అంతకుముందుకన్నా ఎక్కువ ఉష్ణోగ్రతలో బతకాలి. మీది మైల్డ్ స్టీలు, అంటే తుప్పు పట్టే మామూలు ఇనుప పైపు. దానికి ర్యాప్ కింద రెండు వైపుల నుంచి దెబ్బ. నడుస్తున్నంతసేపూ అధిక వేడికి ఇనుము పెచ్చులు కడుతుంది, ఆగాక నేతలో నిలిచిన తేమ తుప్పు పట్టిస్తుంది. మీ ప్రాంతంలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు, బండి బయట నిలబెడతారో షెడ్డులో నిలబెడతారో మీరు రాయలేదు. బయటే అయితే, లేదా బండిని రోజుల తరబడి తోలకుండా ఉంచితే, తడిసిన పట్టీ ఆరే అవకాశం ఉండదు, పైపు త్వరగా పోతుంది. రోజూ నలభై కిలోమీటర్లు తిరిగే బండికి ఆ వేడికే తేమ ఆరిపోతుంది కనుక మీ పరిస్థితి కొంత మెరుగు. ఇంకో మాట, పాత బుల్లెట్‌కు ఆయిలు చెమ్మ సహజమని మనం సరిపెట్టుకుంటాం. రాకర్ కవర్ దగ్గర కారే ఆయిలు గానీ కార్బొరేటర్ నుంచి కారే పెట్రోలు గానీ పట్టీలోకి ఇంకితే అది అంటుకుంటుంది. ఆయిలు లీకులు ఆపనిదే ర్యాప్ జోలికి వెళ్లకండి.

చుట్టించాలనే నిర్ణయిస్తే ఒక అంగుళం వెడల్పు పట్టీ తీసుకోండి, రెండంగుళాలది మీ పైపు వంపు దగ్గర ముడతలు పడుతుంది. గాజు నారను కాసేపు నీళ్లలో నానబెట్టి చుడితే మెత్తగా కూర్చుంటుంది, దురద నార ఎగరదు, అయినా చేతి తొడుగులు, ముక్కుకు మాస్కు ఉండాలి. ప్రతి చుట్టు ముందు చుట్టుమీద పావు అంగుళం ఎక్కాలి, అంతకన్నా ఎక్కువ ఎక్కిస్తే వేడి మరీ బిగుసుకుంటుంది. చుట్ల అంచులు వెనక్కీ కిందికీ చూసేలా చుడితే వాన నీరు లోపలికి దూరదు. చివరలు స్టెయిన్‌లెస్ స్టీలు టైలతో బిగించి, కోసిన కొనలను లోపలికి మడవాలి, అవి బ్లేడు లాగా ఉంటాయి, పాప ఉన్న ఇల్లు. మొదటిసారి వేడెక్కినప్పుడు బాగా పొగ వస్తుంది, వరండాలో కాకుండా ఆరుబయట స్టార్ట్ చేయండి. హార్డ్‌వేర్ దుకాణంలో జనరేటర్ గొట్టాలకు చుట్టే ఆస్బెస్టాస్ తాడు చౌకగా ఇస్తామంటారు, దాన్ని ఇంట్లోకే రానివ్వకండి. ఆ నార ఊపిరితిత్తుల్లోకి చేరితే క్యాన్సర్ దాకా తెస్తుంది.

ర్యాప్ చుడితే ఇంజన్ పవర్ పెరుగుతుందన్న మాట కూడా మీ బావమరిది అన్నారని రాశారు. వేడిగా ఉన్న వాయువు పైపులో వేగంగా కదులుతుందన్న సూత్రం నిజమే, రేసు కార్లలో, బానెట్ కింద ఇరుకులో వేడి బంధించబడే చోట ఈ చుట్టుడుకు ప్రయోజనం ఉంది. పద్దెనిమిది హార్స్ పవర్ ఇంజన్, గాలికి తెరిచి ఉన్న పైపు ఉన్న బండిలో మీకు తెలిసేంత తేడా ఏదీ రాదు. ఆయన బండి 2021 మోడల్ అన్నారు కనుక ఆయనకు ఒక హెచ్చరిక చేరవేయండి. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 కాలుష్య ప్రమాణాల బండ్లకు పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్, ఆక్సిజన్ సెన్సర్ ఉంటాయి, చాలా బండ్లలో ఆ కన్వర్టర్ ఇంజన్‌కు దగ్గరగా బెండ్ పైప్‌లోనే ఉంటుంది. దానిమీద చుట్టితే అది అతిగా వేడెక్కి పాడవుతుంది, సెన్సర్ వైరు కూడా కాలవచ్చు.

సెరామిక్ కోటింగ్ విషయంలో ముందు తేల్చుకోవలసింది, మీ మెకానిక్ చెబుతున్నది ఏ సెరామిక్ అని. హైదరాబాద్‌లో వీధికొకటి ఉన్న కార్ డీటెయిలింగ్ షాపుల్లో వేసే సెరామిక్ కోటింగ్ పెయింటు మెరుపు కోసం, దానికీ ఎగ్జాస్ట్ వేడికీ సంబంధం లేదు. స్ప్రే డబ్బాల్లో దొరికే సైలెన్సర్ పెయింటును కూడా కొందరు సెరామిక్ అనే పేరుతో అమ్ముతారు, అది ఆరు వందల డిగ్రీలకు తట్టుకునే సిలికాన్ రంగు మాత్రమే. అసలు ఎగ్జాస్ట్ సెరామిక్‌లో పలుచటి రకం సెరాకోట్ లాంటివి, స్ప్రే గన్‌తో కొట్టేవి, మందం పాతిక మైక్రాన్ల చుట్టూ ఉంటుంది. మందపాటి రకం జిర్కోనియా పొడిని ప్లాస్మా మంటలో కరిగించి చిమ్మేది. బ్రిటన్‌లో ఒకప్పుడు అణుశక్తి పరిశోధన కేంద్రం ఉన్న హార్వెల్ నుంచి పుట్టిన జిర్కోటెక్ అనే సంస్థ ఈ రకానికి పేరుపొందింది, రేసు కార్ల పైపులకు వేస్తారు. ఏడు వేలకు మీకు వచ్చేది పలుచటి రకమేనని నా అంచనా.

పాతిక మైక్రాన్లంటే వెంట్రుక మందం కూడా కాదు. అంత పలుచటి పొర వేడిని లోపలే ఆపుతుందని ఆశించకూడదు. దాని అసలు బలం తుప్పు నుంచి రక్షణ, అందులో అది నిజంగా మంచిది. సెగ విషయంలో పొర మందంకన్నా దాని రంగూ మెరుపూ ముఖ్యం. మెరిసే క్రోమ్ సెగను చాలా తక్కువగా విడుస్తుంది, మెరుపులేని మాట్ నలుపు అదే ఉష్ణోగ్రత దగ్గర ఎన్నో రెట్లు విడుస్తుంది. అందుకని బాగున్న క్రోమ్ పైపును నల్లటి పలుచటి సెరామిక్‌కు ఇస్తే మీ పిక్కకు సెగ పెరిగే ప్రమాదం కూడా ఉంది. వేయించేటట్లయితే వెండిరంగు లోహ మెరుపు ఉండే రకమే అడగండి. పైపు లోపలి గోడకు కూడా వేస్తారా అని అడగండి, లోపల వేస్తే ఇనుములోకి దిగే వేడే కొంత తగ్గుతుంది. పాత క్రోమ్ తీసేసి, నూనె మసి కాల్చేసి, అల్యూమినియం ఆక్సైడ్ గ్రిట్‌తో బ్లాస్టింగ్ (గరుకు పొడిని గాలి ఒత్తిడితో చిమ్మి గీకడం) చేశాకే వేయాలి, క్రోమ్ మీదే కొట్టి పంపితే కొద్ది రోజులకే ఊడుతుంది. బ్లాస్టింగ్ చేసిన పైపు ఫొటో పంపమనండి, పంపడానికి ఇబ్బంది పడే షాపుకు ఇవ్వకండి.

మూడో దారి ఒకటి ఉంది, దాన్ని మీకెవరూ చెప్పలేదు. సైలెన్సర్‌కు చెప్పినట్టే బెండ్ పైప్‌కు కూడా కాలివైపు మాత్రమే, ఖాళీ వదిలి ఒక వంపు రేకు బిగించవచ్చు. పైన చెప్పిన అట్టముక్క పరీక్షకే అది శాశ్వత రూపం. పైపు వెనుక వైపు గాలికి తెరిచే ఉంటుంది కనుక ఇనుముకు అదనపు శిక్ష లేదు, తడి నిలవదు, నచ్చకపోతే రెండు క్లిప్పులు విప్పితే పోతుంది. అందం తక్కువ, అదురుతుంది. మీ ఇంటి పరిస్థితికీ మీ దగ్గరున్న డబ్బుకూ నేనైతే ఈ దారికే మొగ్గుతాను. అయినా రోజూ తిరిగే మీ కాలికి రేకు చాలకపోతే, మండు వేసవి మూడు నెలలకు ర్యాప్ చుట్టి వానలు పడగానే విప్పేయడం కూడా తప్పు కాదు, పట్టీ మళ్లీ వాడుకోవడానికి బాగుండదు కనుక ఏటా రోల్ ఖర్చు ఉంటుందని మాత్రం లెక్కవేసుకోండి.

మీ నాన్నగారి అభ్యంతరానికి పరిష్కారం సులువుగానే ఉంది. పాత బుల్లెట్ బెండ్ పైప్ ఇప్పటికీ కొత్తది దొరుకుతుంది. చుట్టినా పూత వేయించినా కొత్త పైపుకే చేయండి. ఆయన కొన్న పైపును విప్పి, లోపలా బయటా పలుచగా ఆయిలు రాసి, పాత గుడ్డలో చుట్టి అటకమీద పెట్టండి. ట్యూనింగ్ సరిచేసిన రోజు నుంచే కొత్త క్రోమ్ పైపుతో రెండు నెలలు ఏ పట్టీ, పూత లేకుండా తోలి చూడమని కూడా సలహా ఇస్తాను. హెడ్ దగ్గర రెండు మూడు అంగుళాలకు మించి నీలం ఎక్కకపోతే పాయింట్లు, కార్బొరేటర్ సరిగ్గా ఉన్నట్టు. మళ్లీ జానెడు ఎక్కితే ర్యాప్ గురించీ సెరామిక్ గురించీ మాట్లాడటం ఆపి, బండిని మరో మెకానిక్‌కు చూపించి, ఎగ్జాస్ట్ వాల్వ్ సీటింగ్ పరీక్షించమనండి.